తాండూరు నీళ్ళు, వికారాబాద్ మట్టి: చిన్న అక్వేరియంలో మొక్కల పాఠం

అక్వేరియం పెట్టుకున్న ఫ్రెండ్స్ నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే ప్రశ్న: "చేపలు బాగానే ఉన్నాయి, మొక్కలే ఎందుకు చస్తున్నాయి?" అడిగినవాళ్ళు అప్పటికే వీడియోలు చూసి ఉంటారు. ఒకరు ఖరీదైన లైటు కొని ఉంటారు, ఇంకొకరు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ధర కనుక్కుని నిరాశపడి ఉంటారు. నేను మాత్రం తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను: "మీ ఊరి నీళ్ళల్లో పప్పు ఉడుకుతుందా?"

జోక్ కాదు. ఈ పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

మాది తాండూరు. మా పెద్దమ్మ వాళ్ళది వికారాబాద్. రెండూ ఒకే రైలు దారిలో ఉన్నాయి, మధ్య దూరం దాదాపు 40 కిలోమీటర్లు. కానీ కాళ్ళ కింద నేల వేరు. మా ఇంట్లో ఒక చిన్న తొట్టి ఉంది: 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. ఇసుక, మట్టి పోను 32 లీటర్ల నీళ్ళు పడతాయి. నేను హాస్టల్లో ఉంటాను, ఇంటికి వెళ్ళేది శని, ఆదివారాలే. మిగతా రోజులు దాన్ని చూసేది మా నాయనమ్మ. కాబట్టి నాకు కావలసింది రోజూ కొలతలు, మందులు అడగని తొట్టి. వారానికి ఒక గంట పని, నెలకు వంద రూపాయల లోపు ఖర్చు. అలాంటిది కుదరాలంటే మన నీళ్ళతో కొట్లాట మానేసి, ఆ నీళ్ళు ఇష్టపడే మొక్కల్ని ఎంచుకోవాలి.

ముందు పేర్ల సంగతి

మనం ఎంపీసీ వాళ్ళం. పదో తరగతితోనే జీవశాస్త్రానికి దండం పెట్టేశాం. అందుకే నీళ్ళల్లో పచ్చగా కనబడిన ప్రతిదాన్నీ "నాచు" అనేస్తాం. నిజానికి ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు జాతులున్నాయి.

మొదటిది అద్దానికీ రాళ్ళకూ జిగటగా పట్టేది. దీన్ని పాచి అంటాం, మా వైపు పాకురు అంటారు, కోస్తా వైపు పాకుడు అంటారు. రావూరి భరద్వాజకు 2012 జ్ఞానపీఠం తెచ్చిన 'పాకుడురాళ్ళు' నవల పేరులో ఉన్నది ఇదే. శాస్త్రంలో దీని పేరు శైవలం. దీనికి వేరు, కాండం, ఆకు అనే విభజన లేదు. రెండోది చెరువుల్లో తీగలుగా పెరిగే హైడ్రిల్లా లాంటిది. ఊళ్ళల్లో దీన్నీ నాచే అంటారు కానీ ఇది పూలు పూసే అసలైన మొక్క. గరాటు బోర్లించి, పరీక్షనాళికలో ఆక్సిజన్ బుడగలు పట్టే బడి ప్రయోగంలో వాడేది దీన్నే. మూడోది మాస్. వానాకాలం అనంతగిరి గుట్టల్లో రాళ్ళ మీద, చెట్ల మొదళ్ళ మీద మెత్తటి పచ్చ దుప్పటిలా పరుచుకునేవి ఈ కుటుంబానివే. దీనికి ఆకుల్లాంటివి ఉంటాయి, నిజమైన వేర్లు ఉండవు. పట్టుకోవడానికి సన్నటి నూలు పోగుల్లాంటివి మాత్రం ఉంటాయి. నీళ్ళను, లవణాలను ఒళ్ళంతటితో పీల్చుకుంటుంది.

నేను మొదటిసారి జావా మాస్ ప్యాకెట్ తెచ్చినప్పుడు నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది బిడ్డా, పాకురును పైసలు పెట్టి కొన్నవా?" అంది. ఆ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పడానికే నేను ఈ మూడింటి తేడా చదువుకున్నాను. తేడా తెలిస్తే పని కూడా తేలికవుతుంది. వేర్లున్న మొక్కకు మట్టి కావాలి. వేర్లు లేని మాస్‌కు మట్టి దండగ. పాచికి మనం ఏమీ ఇవ్వనక్కర్లేదు, లైటు ఎక్కువైతే అదే వస్తుంది.

నీళ్ళు ఏ రాయి దాటి వచ్చాయి?

తాండూరు బండలు తెలియని తెలుగువాళ్ళు తక్కువ. నీలం, పసుపు రంగుల్లో పలకలుగా వచ్చే ఈ నాపరాయి నిజానికి సున్నపురాయి. కర్ణాటకలోని షాబాద్ వైపు నుంచి మన దాకా పరుచుకున్న భీమా బేసిన్ అనే అతి పాత రాతి పొరల్లో ఇది భాగం. సిమెంట్ ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చింది కూడా ఈ రాయి కోసమే.

వాన నీళ్ళు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారతాయి. ఆ నీళ్ళు సున్నపురాయి సందుల్లోంచి దిగేటప్పుడు రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. కాల్షియం, బైకార్బనేట్ నీళ్ళల్లో చేరతాయి. అదే కఠిన జలం. బోరు వేసి పైకి తోడేది ఆ నీళ్ళనే. మరిగిస్తే బైకార్బనేట్ విడిపోయి మళ్ళీ సున్నం పేరుకుంటుంది. నీళ్ళు కాగబెట్టే గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర అదే.

మంచినీళ్ళకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. అక్వేరియం దుకాణాల్లో దొరికే టెస్ట్ స్ట్రిప్ మీద "డిగ్రీలు" ఉంటాయి. ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. మా బోరు నీళ్ళల్లో ముంచితే స్ట్రిప్ చివరి రంగుకు వెళ్ళిపోతుంది. స్ట్రిప్ లేకున్నా పర్వాలేదు. నాయనమ్మ లెక్క ఉంది: "గీ బోరు నీళ్ళల్ల పప్పు ఉడ్కది, సబ్బు నురుగు రాది." కాల్షియం పప్పుగింజలోని పెక్టిన్‌తో కలిసి దాన్ని గట్టిపరుస్తుంది కాబట్టి ఆ మాట కెమిస్ట్రీ ప్రకారం కూడా కరెక్టే. తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ కందిని పెంచిన నేల కిందినుంచి వచ్చే బోరు నీళ్ళలో అదే పప్పు ఉడకడానికి మొరాయిస్తుంది!

తొట్టిలో అలంకరణకు రాళ్ళు పెట్టేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుస్సుమని బుడగలొస్తే అది సున్నపురాయి. బోరు నీళ్ళు అప్పటికే సున్నంతో నిండి ఉంటాయి కాబట్టి వాటిలో నాపరాయి ముక్క వేసినా పెద్ద తేడా రాదు. వాన నీళ్ళో, ఆర్‌ఓ నీళ్ళో వాడుతుంటే మాత్రం ఆ రాయి నెమ్మదిగా కరిగి, మీ మెత్తటి నీళ్ళను కఠినం చేస్తుంది.

మొక్క తినే కార్బన్

మొక్కకు కార్బన్ కావాలి. గాలిలో మొక్కకు కార్బన్ డయాక్సైడ్ సులభంగా అందుతుంది. నీళ్ళల్లో ఆ వాయువు గాలిలో కన్నా సుమారు పది వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అందుకే ఆకు చుట్టూ నీళ్ళు కొంచెమైనా కదులుతూ ఉండాలి. చిన్న స్పాంజ్ ఫిల్టర్ ఆ పని చేస్తుంది.

రెండో సమస్య పీహెచ్. నీళ్ళల్లో కరిగిన కార్బన్ పీహెచ్ 6.4 దగ్గర సగం కార్బన్ డయాక్సైడ్‌గా, సగం బైకార్బనేట్‌గా ఉంటుంది. పీహెచ్ 8.4కు వచ్చేసరికి నూటికి ఒక వంతే కార్బన్ డయాక్సైడ్. మిగతాదాదాపు అంతా బైకార్బనేటే. సున్నపు నీళ్ళల్లో పీహెచ్ సాధారణంగా ఎక్కువ వైపే ఉంటుంది. అంటే కార్బన్ బోలెడంత ఉంది కానీ తాళం వేసిన పెట్టెలో ఉంది.

ఆ తాళం తీయగల మొక్కలు కొన్ని ఉన్నాయి. హైడ్రిల్లా, వాలిస్నేరియా, సెరటోఫిల్లం బైకార్బనేట్‌ను నేరుగా వాడుకోగలవు. ఇవన్నీ మన దేశపు చెరువుల్లో పెరిగేవే. హైడ్రిల్లా అయితే ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. కార్బన్ డయాక్సైడ్ తగ్గినప్పుడు, మొక్కజొన్న, జొన్న వాడే సీ4 పద్ధతిని ఒక్కొక్క కణంలోనే మొదలుపెట్టుకుంటుంది. ఇలాంటి మొక్కల ఆకుల మీద ఒక్కోసారి తెల్లటి గరుకు పొర కనిపిస్తుంది. జబ్బేమో అని భయపడకండి. బైకార్బనేట్‌లోని కార్బన్ తీసుకున్నాక మిగిలిన సున్నం అది.

చాలా మాస్‌లకు ఆ విద్య రాదు. వాటికి కార్బన్ డయాక్సైడే కావాలి. అందుకే తాండూరు నీళ్ళల్లో జావా మాస్ చావదు కానీ నత్తనడక నడుస్తుంది. తొందరపడి లైటు పెంచితే మాస్‌కు బదులు దాని మీద పాచి పెరుగుతుంది. మాస్‌కు మనం ఇవ్వగలిగింది నీళ్ళ కదలిక, ఓపిక. సగం బోరు నీళ్ళు, సగం వాన నీళ్ళు కలిపితే ఇంకా మంచిది. వానాకాలంలో మేడ మీది నీళ్ళను మొదటి రెండు వానలు వదిలేసి ఆ తర్వాత డ్రమ్ములో పట్టుకుంటే, మూత పెట్టి నెలల తరబడి వాడుకోవచ్చు.

వికారాబాద్ ఎర్రమట్టి

సున్నపు నీళ్ళు ఇంకో పని చేస్తాయి. ఇనుమును మొక్కకు అందకుండా చేస్తాయి. పీహెచ్ ఎక్కువైతే ఇనుము తుప్పులా మారి కింద పడిపోతుంది. అప్పుడు కొత్త ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. సున్నం ఎక్కువున్న చేలల్లో వేరుశనగ పసుపెక్కడం చూసిన రైతుబిడ్డలకు ఇది కొత్త కాదు.

దీనికి మందు రైల్లో గంట లోపు దూరంలో ఉంది. అనంతగిరి గుట్టల పైభాగం లాటరైట్. వేల వేల ఏళ్ళ వానలకు సున్నం, సిలికా కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలిన ఎర్రమట్టి అది. యూరప్‌లో అక్వేరియం మొక్కలు పెంచేవాళ్ళు 1980ల నుంచే లాటరైట్‌ను డబ్బాల్లో కొని ఇసుక కింద వేసుకుంటున్నారు. మనకది పెద్దమ్మ వాళ్ళ పెరట్లో ఉంది.

వాడే పద్ధతి ఇది. ఎర్రమట్టిని బకెట్లో వేసి, బురద తేటపడేదాకా మూడు నాలుగుసార్లు కడగండి. తొట్టి అడుగున ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం పరచండి. దాని మీద కడిగిన ఇసుక నాలుగైదు సెంటీమీటర్లు. ఇసుక కింద ఆక్సిజన్ తగ్గుతుంది. అక్కడ ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారి వేళ్ళకు అందుతుంది. వాలిస్నేరియా లాంటి వేర్ల మొక్కలకు ఇది చాలు. నీళ్ళు పోసేటప్పుడు ఇసుక మీద ఒక పళ్ళెం పెట్టి దాని మీద పోయండి, లేకపోతే తొట్టి ఎర్రటి వాగులా తయారవుతుంది.

ఒక్క మాట. మట్టి పెరట్లోంచో, పొలం గట్టు నుంచో తెచ్చుకోండి. అనంతగిరి అడవిలో తవ్వకండి, అక్కడి మాస్‌ను పీకి తేకండి. రాతి మీద పెరిగిన ఆ మాస్ నీళ్ళల్లో మునిగి బతకడం కూడా అనుమానమే. పీకిన చోట మళ్ళీ పరుచుకోవడానికి మాత్రం చాలా వానలు పడతాయి.

మాస్ కట్టే తీరు

దుకాణాల్లో జావా మాస్ పేరుతో దొరికేదాని శాస్త్రీయ నామం టాక్సిఫిల్లం బార్బియరీ. చాలా కాలం దాన్ని వేరే పేరుతో పిలిచారు, ఇప్పటికీ కొన్ని ప్యాకెట్ల మీద పాత పేరే ఉంటుంది. ఆగ్నేయాసియా మొక్క. మొదలుపెట్టడానికి ఇంతకంటే మొండిది లేదు.

గరుకైన రాయి తీసుకోండి. మాస్‌ను కత్తెరతో రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించి, కింద రాయి కనబడీ కనబడనట్టు పలచగా పరచండి. మందంగా పరిస్తే కింది పొర వెలుతురు లేక కుళ్ళుతుంది. నల్లటి కుట్టు దారంతో పూలమాల చుట్టినట్టు చుట్టి ముడి వేయండి. నెలన్నర, రెండు నెలల్లో అదే రాయిని పట్టుకుంటుంది. నూలు దారం అయితే ఆలోపు కరిగిపోతుంది. తర్వాత నెలకోసారి పైపైన కత్తిరించండి. కత్తిరించిన ముక్కలు నీళ్ళల్లో తేలకుండా వలతో తీసేయండి, ప్రతి ముక్కా ఇంకో చోట పెరుగుతుంది.

లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. టైమర్ ప్లగ్ ఉంటే ఇంట్లోవాళ్ళకు గుర్తుపెట్టుకునే బాధ ఉండదు. కిటికీ ఎండ నేరుగా పడేచోట తొట్టి పెట్టకండి.

ఎండాకాలం లెక్క

మే నెలలో తాండూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. జావా మాస్ 30 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, ఆపైన గోధుమరంగుకు తిరుగుతుంది. చిల్లర్ కొనే స్తోమత మనకు లేదు. కుండ ఉంది కదా! కుండ ఎలా చల్లబడుతుందో తొట్టిని కూడా అలాగే చల్లబరచవచ్చు. మూత తీసి, పైన దోమతెర గుడ్డ కట్టి, నీటి ఉపరితలం మీదికి చిన్న టేబుల్ ఫ్యాన్ తిప్పండి.

లెక్క చూద్దాం. 32 లీటర్ల నీళ్ళను 3 డిగ్రీలు తగ్గించాలంటే 32 × 4.18 × 3, అంటే సుమారు 400 కిలోజౌళ్ళు తీసేయాలి. కిలో నీళ్ళు ఆవిరి కావడానికి దాదాపు 2,430 కిలోజౌళ్ళు పడతాయి. భాగిస్తే 165 మిల్లీలీటర్లు. అంటే ఒక టీ గ్లాసు నీళ్ళు ఆవిరైతే తొట్టి 3 డిగ్రీలు తగ్గుతుంది. గది వేడి మళ్ళీ వచ్చి చేరుతూనే ఉంటుంది కాబట్టి నిజంలో రోజుకు అర లీటరు దాకా పోతుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆవిరయ్యేది నీళ్ళే, సున్నం కాదు. రోజుకు అర లీటరు చొప్పున 32 రోజుల్లో 16 లీటర్లు ఆవిరై, ఆ లోటును బోరు నీళ్ళతోనే పూడిస్తే, తొట్టిలో సున్నం ఒకటిన్నర రెట్లవుతుంది. అద్దం మీద తెల్లటి గీత పడేది అందుకే. కాబట్టి ఆవిరైన లోటుకు దాచిన వాన నీళ్ళో, ఆర్‌ఓ నీళ్ళో పోయండి. వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మార్చేటప్పుడు మాత్రం మామూలు నీళ్ళు సరిపోతాయి. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు బకెట్లో తెరిచి ఉంచండి.

చేపలు ఆఖర్న

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా వేసి, నీళ్ళు మార్చకుండా నడిపి చూశాడు. కొన్నాళ్ళకు రాలిన ఆకులు కుళ్ళి నీళ్ళు పాడవడం మొదలైంది. ఆయన చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్ళినదాన్నీ పాచినీ తిన్నాయి, వాటి గుడ్లను చేపలు తిన్నాయి. తొట్టి తేరుకుంది. ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే ఫీడ్‌బ్యాక్ లూప్ పూర్తయింది.

సున్నపు నీళ్ళల్లో చేపల విషయంలో ఒక హెచ్చరిక. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. విషపూరితమైన రూపం వాటా పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే దాదాపు పది రెట్లవుతుంది. అంటే అదే మేత, అన్నే చేపలు, కానీ తాండూరు నీళ్ళల్లో ప్రమాదం ఎక్కువ. అందుకే మొక్కలు ముందు, చేపలు ఆఖర్న. మొక్కలు వేర్లు పట్టి కొత్త ఆకు వేసేదాకా మూడు నాలుగు వారాలు ఆగండి. ఆ లోపు అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్లో స్థిరపడుతుంది. తర్వాత ఐదారు గప్పీలు చాలు. గప్పీలకు కఠిన జలం ఇష్టం. నియాన్ టెట్రాలకు మెత్తటి నీళ్ళు కావాలి, వాటిని ఇక్కడికి తెచ్చి హింస పెట్టకండి. మేత నిమిషంలో తినేసేంత మాత్రమే. నాయనమ్మ "ఆకలైతుందేమో పాపం" అని పిడికెడు వేయబోతే, అయిదు రోజులకు అయిదు కాగితం పొట్లాలు కట్టి పెట్టండి. మా ఇంట్లో ఆ పద్ధతే నడుస్తోంది.

తొట్టి దాటి పోయేవి

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఇది. మొక్కలు బాగా పెరిగాక మిగులు వస్తుంది. "పాపం, ప్రాణమున్నది కదా" అని చాలామంది దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. దయతో చేసే ఆ పని చెరువు ప్రాణం తీయొచ్చు. మన హైడ్రిల్లా 1950ల్లో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడా చేరి, అక్కడి నదుల్ని, సరస్సుల్ని పూడ్చేసింది. తాళం తీసే ఆ నేర్పే అక్కడ శాపమైంది. బ్రెజిల్ నుంచి వచ్చిన సాల్వీనియా మొలెస్టా కేరళ కాలువల్లో పడవలు కదలకుండా చేసింది. 1980ల్లో దాన్ని తినే చిన్న పెంకు పురుగును తెచ్చి వదిలాకే అదుపులోకి వచ్చింది. గుర్రపు డెక్క సంగతి హైదరాబాద్ చెరువుల పక్కన నిలబడితే చాలు, ఎవరూ చెప్పనక్కర్లేదు.

అనంతగిరిలో పుట్టిన మూసీ, తాండూరు పక్కన పారే కాగ్నా వేర్వేరు దారుల్లో పోతాయి. మూసీ వాడపల్లి దగ్గర, కాగ్నా భీమా ద్వారా, రెండూ చివరికి కృష్ణలోనే కలుస్తాయి. వికారాబాద్‌లో వదిలినా, తాండూరులో వదిలినా ఒక ముక్క మొక్క ఎంత దూరమైనా పోగలదు. అందుకే మిగిలినదాన్ని మేడ మీద కరకరలాడేదాకా ఎండబెట్టి పూలకుండీల్లో వేయండి. తొట్టి నీళ్ళు కూడా కాలువలో కాకుండా చెట్లకే పోయండి. అందులోని నైట్రేట్ వాటికి మంచి ఎరువు. మా పెరట్లో కరివేపాకు చెట్టు ఆ నీళ్ళతోనే పెరుగుతోంది.

మా తొట్టిలో ఇప్పుడు వాలిస్నేరియా గడ్డి అద్దం దాకా వచ్చింది. రెండు రాళ్ళ మీద మాస్ నెమ్మదిగా పరుచుకుంటోంది. హాస్టల్లో ఎవరికైనా పిడికెడు మాస్ కావాలంటే సోమవారం ఉదయం తెచ్చిస్తాను, డబ్బులేమీ వద్దు. ముందు ఇంటికి ఫోన్ చేసి, మీ ఊరి నీళ్ళల్లో పప్పు ఉడుకుతుందో లేదో అడిగి రండి.